గోడకు తిరిగిన పటం

నర్మెట్ట నుంచి వచ్చిన ఆ అమ్మాయి కుర్చీలో కూర్చున్నాక కూడా భుజానికున్న సంచి దించలేదు. పాతికేళ్ళుంటాయి. రాజీ మంచినీళ్ళు ఇస్తే గ్లాసును రెండు చేతులతో పట్టుకుంది గానీ తాగలేదు.

"మా ఇంట్ల సచ్చిపోయిన మనిషి తిరుగుతున్నదక్కా," అంది. "నేను డిగ్రీ చదివిన. గాలి, దయ్యం అంటే నమ్మేదాన్ని గాదు. కని ఆదివారం నాడు భూతవైద్యుణ్ణి పిలిచి, పిల్లను ఏపమండలతోని కొట్టిపిస్తరట. ఆలోపల మీరేదన్న చెయ్యాలె."

కళావతి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. గంగారం అడవిలో ఒక తండాలో పుట్టి, ఇరవై రెండేళ్ళు సర్కారు దవాఖానాల్లో నర్సుగా చేసి, ఉన్నట్టుండి ఉద్యోగం మానేసి జనగామ బస్టాండు వెనక సందులో ఈ విచారణల ఆఫీసు పెట్టుకున్న మనిషి ఆమె. వచ్చేవన్నీ ఎక్కువగా పెళ్ళి సంబంధాల ఆరాలే. మనిషి నడక చూసి ఎక్కడ నొప్పో చెప్పేది. రెండేళ్ళుగా ఆమె దగ్గర పనిచేస్తున్న రాజీకి అదింకా మంత్రంలాగే అనిపించేది.

"ఏ పిల్ల? మొదలుకెళ్ళి చెప్పు."

వచ్చినామె పేరు సౌమ్య. జైపాల్‌కు రెండో భార్యగా వచ్చి ఏడాది కాలేదు. అతను హైదరాబాదులో ఒక కంపెనీలో పనిచేస్తాడు, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున పోతాడు. మొదటి భార్య స్వరూప రెండేళ్ళ కింద పొలం దగ్గర బావిలో పడి చనిపోయింది. ఆమె కూతురు అఖిలకు ఎనిమిదేళ్ళు. భర్త పోయిన జైపాల్ అక్క సునంద కూడా ఆ ఇంట్లోనే ఉంటుంది.

"దీపావళి అయినంక మూడుసార్లు, పొద్దున లేచి చూస్తె హాల్ల స్వరూపక్క పటం గోడకు తిరిగి ఉన్నది. తర్వాత అది ఆగిపోయింది. ఇగ అప్పటికెళ్ళి వంటింట్ల అన్నం పోతున్నది. ఎప్పుడంటే అప్పుడు గాదు, కరెంటు పోయినప్పుడే."

"పిల్ల సంగతి?"

సౌమ్య తల దించుకుంది. "ఒంటి మీద వాతలు. నేను చూడలే, బడిల సంజీవ సార్ చూసిండు. ఎవరు కొట్టిన్రు బిడ్డా అంటే, 'అమ్మ చెప్పింది' అన్నదట. సార్ ఏమో ఆ అమ్మ నేనే అనుకుంటున్నడు. మా వదినె ఏమో స్వరూపక్క దయ్యమంటది. మా ఆయన గూడ భూతవైద్యుణ్ణి పిలుద్దామన్నడు."

"పిల్ల నిన్ను ఏమని పిలుస్తది?"

"చిన్నమ్మ."

కళావతి కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. "రేపు వస్తం. నర్సు పని చేసిన మీ దూరపు పెద్దమ్మనని చెప్పు."

*

మార్చి నెల ఎండ అప్పుడే మండుతోంది. ఒంటిపూట బడులు మొదలయ్యాయి. బుధవారం పదకొండింటికి వాళ్ళు నర్మెట్టలో దిగారు.

ఇల్లు పెద్దది, శుభ్రమైంది. ఆ శుభ్రమే రాజీకి ఎందుకో నచ్చలేదు. పిల్లలున్న ఇంట్లో ఉండాల్సిన చిందరవందర ఏదీ లేదు, బొమ్మ లేదు, గోడ మీద ఒక్క పెన్సిల్ గీత లేదు. హాలులో స్వరూప పటానికి ప్లాస్టిక్ దండ. ఆ పటానికి పైన ఒక బల్బు, మూలన ఇంటర్నెట్టు పెట్టె. వంటింటి గుమ్మం, పిల్ల చదువుకునే చాప, అన్నీ ఆ పటానికి ఎదురుగానే ఉన్నాయి.

హాలు మసకగా ఉందని రాజీ స్విచ్ కోసం చేయి చాపింది. స్విచ్ మీద నల్ల టేపు అంటించి ఉంది.

"ఆ బల్బు ఎలగదు," అంది సౌమ్య. "కార్తీకంల ఆయనే పెట్టిండు. పాడయినట్టుంది, తీస్తనంటే ముట్టుకోవద్దన్నడు."

వాళ్ళు కూర్చుని రెండు నిమిషాలు కాలేదు, సౌమ్య ఫోన్ మోగింది. జైపాల్. గొంతు మెత్తగా, మర్యాదగా బయటికి వినిపిస్తోంది. ఎవరొచ్చిన్రు, ఎందుకొచ్చిన్రు, ఎంతసేపుంటరు. పెద్దమ్మ వచ్చిందని చెప్పి ఫోన్ పెట్టేసి సౌమ్య నవ్వబోయింది. "ఇంట్లకు ఎవరొచ్చినా గడియల ఫోన్ చేస్తడు. మా మీద అంత పాణం."

సునంద చాయ్ తెచ్చింది. యాభై ఏళ్ళ బక్కపలచటి మనిషి.

"పిల్ల ఎట్ల ఉంటదమ్మా?" అడిగింది కళావతి.

"ఇదివరకు వసపిట్ట. ఇప్పుడు మాటనే లేదు. పక్క తడుపుతది. ఎవరన్న చెయ్యి లేపితె తల దాచుకుంటది. దయ్యం గాకుంటె ఏంది మరి? వాళ్ళ నాయిన వస్తె మాత్రం ఎంత బుద్ధిగుంటదో! గోడకు నిలబడి ఉంటది, పిలిస్తెనే వస్తది. పెట్టింది తింటది, మళ్ళ అడగది."

"ఆదివారం ఏం చేస్తరు ఇద్దరు?"

"బండి మీద బాయికాడికి తీసుకపోతడు. మోటరు కింద తానం చేయించి, వేరే బట్టలు తొడిగి తీసుకొస్తడు. తల్లి లేని పిల్ల అని, ఆ సేవ వాడే చేసుకుంటడు. మమ్ములను ముట్టుకోనియ్యడు."

"మోటరు కింద తానం ఇష్టమని పిల్ల చెప్పిందా?"

సునంద ఒక్క క్షణం ఆలోచించింది. "జైపాలే చెప్పిండు."

పన్నెండున్నరకు అఖిల బడి నుంచి వచ్చింది. ఆ ఎండలో నిండు చేతుల స్వెటర్ వేసుకుని ఉంది. చెప్పులు జత చేసి గోడ పక్కన పెట్టి, చాప మీద కూర్చుని పుస్తకం తెరిచింది. కొత్తవాళ్ళను చూసి భయపడలేదు, సంతోషపడలేదు. ఇంట్లో ఎవరెవరు ఎక్కడున్నారో ఒకసారి చూసుకుంది, అంతే. ఆ చూపు రాజీకి ఎక్కడో గుచ్చుకుంది. కాపలా కాసే మనిషి చూపు అది.

సౌమ్య పిలిచి అన్నం పెట్టింది. పెట్టిన నాలుగు ముద్దలూ తిని పిల్ల లేచింది. ఇంకా వేస్తానంటే తల అడ్డంగా ఊపింది.

ఒంటిగంట దాటాక కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. పెద్దవాళ్ళు అరుగు మీదికి వెళ్ళారు. రాజీ పక్కగది తలుపు వెనకే నిలబడిపోయింది, కళావతి కళ్ళతోనే ఆపింది గనక.

అఖిల లేచింది. తిరగని ఫ్యాను వైపు చూసింది. వంటింట్లోకి పోయి గిన్నె మూత తీసి, నిలబడే, నమలకుండా, పిడికిళ్ళతో అన్నం తినసాగింది. ఒక రొట్టె మడిచి స్వెటర్ లోపల దాచుకుంది. ఫ్యాను మళ్ళీ కిర్రుమనగానే ఆ చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. ఉన్నపళంగా మూత పెట్టి, మూతి తుడుచుకుని వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. ఎవరూ ఆమెను నిలబడమనలేదు.

కాసేపటికి కళావతి పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుని కరివేపాకు దూస్తుంటే, పిల్ల మెల్లగా దగ్గరికొచ్చి నిలబడింది. కళావతి ఒక రెమ్మ అందించింది. ఇద్దరూ దూశారు.

"ఇంట్ల కరెంటున్నదా?" అడిగింది అఖిల చాలాసేపటికి.

"ఉన్నది బిడ్డా."

"ఇక్కడిదాంక కనిపిస్తదా?"

"ఎవరికి?"

పిల్ల హాలు వైపు చూసి పెదాలు బిగించుకుంది. కళావతి చెయ్యి ఆకుల మీదే ఆగింది. "కనిపియ్యది," అంది, ప్రమాణం చేస్తున్నట్టు.

*

సంజీవ సార్ బడి తాళం వేస్తుండగా దొరికాడు.

"వాతలు ఎక్కడ చూసిన్రు సార్?"

"దండ చెయ్యి వెనక. మెడ కింద వీపు మీద గూడ. తాడు రెండు మడతలేస్తె కొన ఎట్లుంటది, గట్ల వంపు తిరిగి ఉన్నయి."

"ఏ వారం?"

"సోమవారం. సోమవారాలు సగం బడికే రాదు మేడం. వచ్చినా కూర్చోదు, నిలబడే రాసుకుంటనంటది."

"ఎప్పుడు చూసిన్రు?"

"జనవరిల."

"ఎవరికి చెప్పిన్రు?"

"ఇంటికి కబురు పంపిన."

"ఎవరి ఇంటికి సార్?" అంది కళావతి నెమ్మదిగా. ఆయన చేతిలోంచి తాళంచెవి కిందపడింది.

బావి దగ్గర జీతగాడు నర్సయ్య గడ్డి కోస్తున్నాడు. ఆ బావి గిలక కింద నీళ్ళు నల్లగా, కదలకుండా ఉన్నాయి. రాజీ ఒకసారి తొంగి చూసి వెనక్కి జరిగింది.

"ఆదివారం నువ్వుంటవా నర్సన్నా?"

"లేదమ్మా. ఆదివారం రావద్దంటడు. ఇది ఇయ్యాల్టి మాట గాదు, స్వరూపమ్మ ఉన్నప్పటికెళ్ళి అంతే. ఆమెను గూడ గట్లనే తీసుకొచ్చెటోడు."

మోటరు గది తలుపు తెరిచే ఉంది. లోపల మేకుకు నల్ల తీగ ఒకటి వేలాడుతోంది. రెండు మడతలు వేసి, పట్టుకునేచోట గుడ్డ చుట్టి ఉంది.

"కుక్కలకనుకున్న," అన్నాడు నర్సయ్య. చెప్పిన తర్వాత అతని ముఖం మారిపోయింది. "ఇక్కడ కుక్కలే లేవు గదమ్మా..."

కళావతి తీగను ముట్టుకోలేదు. గట్టు మీదికొచ్చి ఫోన్ తీసి పిల్లల హెల్ప్‌లైన్ 1098 నొక్కింది. పిల్ల పేరు, ఊరు, బడి, తాను చూసినవి ఒక్కొక్కటీ చెప్పింది. రాజీ ఆగలేకపోయింది. "రుజువు దొరికినంక చెప్తె కాదా అక్కా? మనం తప్పు అనుకున్నమనుకో?"

"తప్పయితె నేను పోయి కాళ్ళు మొక్కి వస్త. రుజువు చూసుకునేటోళ్ళు వేరే ఉన్నరు. అనుమానం రాంగనే చెప్పుడే మన పని. ఆదివారానికి నాలుగు రోజులే ఉన్నయి రాజీ."

*

శుక్రవారం పిల్లల రక్షణ అధికారిణి బడికే వచ్చి అఖిలను జనగామ దవాఖానకు తీసుకెళ్ళింది. డాక్టరమ్మ గంటసేపు చూసి, రెండు పేజీలు రాసింది. పిల్లకు బాగోలేదని కబురు పోతే, శనివారం మధ్యాహ్నానికి జైపాల్ నర్మెట్ట చేరాడు.

హాలులో సౌమ్య, సునంద, సంజీవ సార్ కూర్చుని ఉన్నారు. గుమ్మం దగ్గర నర్సయ్య, అరుగు మీద మహిళా ఎస్సై, అధికారిణి. ఇస్త్రీ చొక్కా, చిన్న గొంతు, తడి కళ్ళు. జైపాల్‌ను చూస్తే రాజీకి ఒక్క క్షణం తాము పొరపడ్డామేమో అనిపించింది.

"నా బిడ్డ ఏదక్కా? ఏమైంది?"

"బాగనే ఉన్నది. కూర్చో," అంది కళావతి. "ఆదివారం కొట్టాల్సిన దయ్యం ఎవరో ముందు తేల్చుకుందాం."

ఆమె నిలబడే మాట్లాడింది, దవాఖానలో రోగి పరిస్థితి చెప్పే గొంతుతో.

"ఆడుకునే పిల్లలకు దెబ్బలు తగుల్తయి. మోకాళ్ళకు, మోచేతులకు, గదుమకు. ముందుకు పడ్తరు గనక. ఈ పిల్లకు తగిలినయి వీపుకు, దండచేతి వెనక. బట్ట కప్పే చోటు చూసి కొట్టిన దెబ్బలు. దయ్యానికి స్వెటర్ సంగతి ఎట్ల తెలుస్తది? వాతలు కనపడేది సోమవారం. దయ్యానికి వారాలెందుకు?"

"సోమవారమంటే..." సంజీవ సార్ ఆగిపోయాడు.

"ఆగున్రి సార్. సునందమ్మా, మీరు అన్నరు, నాయిన వస్తె పిల్ల బుద్ధిగుంటదని. ఎనిమిదేండ్ల పిల్ల వారానికోసారి వచ్చే నాయినను చూస్తె ఏం చేస్తది? ఉరుకొచ్చి మీద పడ్తది. ఏం తెచ్చినవని సంచి గుంజుతది. గోడకు నిలబడి పిలుపు కోసం చూడది. మీరు బుద్ధి అనుకున్నది భయం."

సునంద నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మరి వారం దినాలు హైదరాబాదుల ఉండేటోనికి, పిల్ల ఒక ముద్ద ఎక్కువ తిన్నది ఎట్ల తెలుస్తది? పిల్లకు గూడ ఇదే అర్థం గాలే. నాయిన చెప్పిండు: 'మీ అమ్మ పటంల నుంచి చూస్తది, నాకు అన్నీ చెప్తది' అని. 'అమ్మ చెప్పింది' అంటే అమ్మ కొట్టింది అని గాదు సార్. సచ్చిపోయిన అమ్మ నా మీద నాయినకు చెప్పింది అని. నిన్న డాక్టరమ్మ ముందట ఆ పిల్ల నోటితోనే విన్నం."

పటంలో స్వరూప నవ్వుతోంది.

"అందుకే మూడుసార్లు పటాన్ని గోడకు తిప్పింది, అమ్మ చూడొద్దని. అయినా దెబ్బలు తప్పలే. కరెంటు లేనప్పుడు తింటే మాత్రం నాయినకు తెల్వలేదు. అమ్మ కరెంటుతోని మేల్కొని ఉంటదనుకున్నది. రాజీ, ఆ స్విచ్ ఆపు."

రాజీ నల్ల టేపు పీకి స్విచ్ నొక్కింది. రెండు క్షణాల తర్వాత జైపాల్ చొక్కా జేబులో ఫోన్ కిచ్‌మంది.

"తీసి చూడు," అంది కళావతి. "కెమెరా ఆగిపోయిందని వచ్చిందా? ఎలగని బల్బు అది. ఎలగడానికి గాదు, లోపలి కెమెరాతోని చూడడానికి పెట్టింది. ఇంట్లకు మేం అడుగు పెడితె రెండు నిమిషాల్ల ఫోన్ వచ్చింది గనుకనే నాకు దాని మీద చూపు పోయింది."

ఎస్సై లోపలికొచ్చి చెయ్యి చాపింది. జైపాల్ ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు. కళ్ళ తడి ఎప్పుడు ఆరిందో గానీ, గొంతు మాత్రం అట్లాగే మెత్తగా ఉంది.

"నా బిడ్డ. తల్లి లెక్క కావద్దని బుద్ధి నేర్పుకుంటున్న. మధ్యల మీకేంది?"

"మోటరు గదిల తీగ పోలీసుల దగ్గరున్నది," అంది కళావతి. "డాక్టరమ్మ రాసిన కాయితం ఉన్నది. భూతవైద్యుణ్ణి పిలుద్దామన్నది గూడ నువ్వే. కొత్త వాతలు ఏపమండల దెబ్బలల్ల కలిసిపోతయనేగా?"

అతన్ని తీసుకెళ్ళాక సౌమ్య వంటింటి గుమ్మం దగ్గర కూలబడిపోయింది.

"ప్రతి సోమవారం నేనే ఆ పిల్లకు జడ వేసిన అక్కా. దువ్వెన మెడకు తాకితె ఉలిక్కిపడేది. తల నొస్తుందేమో అనుకున్న. స్వెటర్ తీయనంటె చలి అనుకున్న. అన్నీ చూసిన. అన్నీ చూసి..."

కళావతి ఆమె పక్కన కింద కూర్చుంది. "రేపు పోలీసులకు ఈ మాటలే చెప్పు. ఒక్కటి గూడ ఇడువకు," అంది.

ఆ సాయంత్రం కళావతి బజారులో అలాంటి కెమెరా బల్బునే ఇంకొకటి కొని, అధికారిణి అఖిలను ఉంచిన బాలసదనానికి తీసుకెళ్ళింది. విప్పి, లోపలి చిన్న అద్దాన్ని ఆమె వేలికి తాకించింది.

"నిన్ను చూసింది ఇసొంటిది. మీ అమ్మ ఎవ్వరికీ ఏం చెప్పలే."

"అమ్మ చెప్పలేదా?"

"చెప్పలే బిడ్డా."

"ఒక్కసారి గూడ?"

"ఒక్కసారి గూడ చెప్పలే."

పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. మళ్ళీ అడిగింది. కళావతి మళ్ళీ చెప్పింది. ఎన్నిసార్లో రాజీ లెక్కపెట్టలేదు.

*

మే నెలలో వాళ్ళు రేగొండ వెళ్ళారు. అఖిలను పిల్లల సంక్షేమ కమిటీ వాళ్ళు స్వరూప తల్లికి అప్పగించారు. జైపాల్ జైల్లో ఉన్నాడు. స్వరూప బావిలో పడిన సంగతిని పోలీసులు మళ్ళీ తవ్వుతున్నారు. సౌమ్య పుట్టింటికి పోయింది గానీ, పదిహేను రోజులకోసారి వచ్చి పిల్లను చూసి పోతోందట.

ముసలమ్మ గడపలో కూర్చుని చాలాసేపు మాట్లాడింది. "నా బిడ్డ పండుగకొస్తె, నా ముందట చీర గూడ మార్చుకోకపొయేది. పెద్దింటి కోడలైంది, సిగ్గు నేర్చిందనుకున్న. పోయేముందు వారం ఫోన్ చేసి, అమ్మా నేనొస్త అన్నది. నాట్లున్నయి, తర్వాత రా బిడ్డా అన్న."

కళావతి నేల వైపే చూస్తూ ఉండిపోయింది. ఇరవై రెండేళ్ళ దవాఖాన కొలువులో, దెబ్బలు చూసి కూడా అలా ఇంటికి పంపించేసిన ముఖాలు ఎన్ని ఆమెకు గుర్తొస్తున్నాయో అనుకుంది రాజీ.

వాకిట్లో అఖిల సకినం తింటూ తిరుగుతోంది. చేతుల్లేని గౌను. దండచేతి మీద మచ్చలు పాలిపోయాయి గానీ పోలేదు. ఉన్నట్టుండి ఒక కోడిపెట్ట ఎగిరి చేతిలోని సకినాన్ని ముక్కుతో లాక్కుని పరుగెత్తింది. పిల్ల ఒక్క క్షణం కొయ్యబారిపోయింది.

తర్వాత అఖిల నోరు తెరిచి, వీధి వీధంతా వినిపించేలా, గొంతెత్తి ఏడ్చింది. "అమ్మమ్మా! నాది ఎత్తుకపొయింది! నాది!"

రాజీ లేవబోయింది. కళావతి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆమె కళ్ళద్దాలు మసకబారి ఉన్నాయి.

"ఉండనియ్యి," అంది. "ఇంత గట్టిగ ఏడువంగ ఇయ్యాల్నే విన్న."

ముసలమ్మ అప్పటికే చీపురు పట్టుకుని కోడి వెనక పడింది.